రాస్ ద్వీపం: ఖైదీలు కట్టిన ఆంగ్ల గ్రామం

ప్రధాన భూభాగం నుండి వేయి కిలోమీటర్లకు పైగా దూరాన, బంగాళాఖాతం నడుమ, ఆంగ్లేయులు తమ స్వదేశపు పల్లెను పోలిన ఒక జనావాసాన్ని నిర్మించుకున్నారు. ప్రార్థనాలయం, రొట్టెల బట్టీ, క్లబ్బు, టెన్నిస్ మైదానం, శ్మశానవాటిక: ఒక ఆంగ్ల గ్రామానికి కావలసిన హంగులన్నీ అందులో ఉండేవి. అదే రాస్ ద్వీపం. నౌకా సర్వేక్షకుడు డేనియల్ రాస్ పేరు మీదుగా దానికి ఆ నామధేయం కలిగింది. 2018 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంగా నామాంతరం చెందింది. పోర్ట్ బ్లెయిర్‌కు, అనగా 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన నగరానికి, ఎదురుగా పడవలో కొద్ది నిమిషాల దూరంలో ఉన్న ఈ దీవి విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరుకు ఎంతో తక్కువ.

1857 తిరుగుబాటును అణచివేసిన పిమ్మట, పట్టుబడినవారిని ఎక్కడ ఉంచవలెనన్న సమస్య ప్రభుత్వానికి ఎదురైంది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ నెలకొల్పిన తొలి వలసను 1796లోనే విడిచిపెట్టవలసి వచ్చినప్పటికీ, అధికారుల దృష్టి మళ్లీ అండమాను వైపే మళ్లింది. ఆగ్రా జైలు పర్యవేక్షకుడుగా పనిచేసిన డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో 1858 మార్చి 10న అక్కడికి చేరాడు. మొదట దిగిన చాథం దీవిలో మంచినీటికి కటకట ఏర్పడడంతో నివాసం రాస్‌కు మారింది. దట్టమైన అడవిని నరికినవారు, రాయి మోసినవారు, గోడలు లేపినవారు ఈ ఖైదీలే. పారిపోయి తిరిగి పట్టుబడిన 80 మందికి పైగా ఖైదీలను వాకర్ ఉరి తీయించాడు. కంపెనీ పాలనలోని పై అధికారులకు సైతం ఆ చర్య మితిమీరినదిగా తోచింది.

1872 నుండి ఛీఫ్ కమిషనర్ల పాలనకు రాస్ కేంద్రమైంది. గుట్టపై ఆయన భవనం, దిగువన బర్మా టేకు చట్రాల కిటికీలతో ప్రెస్బిటేరియన్ ప్రార్థనాలయం, ముద్రణాలయం, ఆసుపత్రి, ఈతకొలను క్రమంగా వెలిశాయి. కింది తరగతి ఉద్యోగులకు వేరుగా ఒక క్లబ్బు ఉండేది; హోదా భేదాలు అంత చిన్న దీవిలోనూ మరువబడలేదన్నమాట! వీటన్నిటికంటె గమనింపదగినది నీటిని బట్టీపట్టి శుద్ధి చేసే యంత్రాగారం. దాని బాయిలర్ల శిథిలాలు నేటికీ కనిపిస్తాయి.

తెలుగువారికి కూడ ఈ దీవి పరాయిది కాదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర 1922-24 నాటి మన్యం పితూరీ అనంతరం ద్వీపాంతర శిక్షపై అండమానుకు పంపబడ్డాడు. ఆనాటి శిక్షావ్యవస్థ యావత్తు రాస్‌లోని కార్యాలయాల నుండే నడిచింది. అదే మల్లుదొర 1952లో విశాఖపట్టణం ప్రాంతం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

1941 జూన్ 26న సంభవించిన పెను భూకంపం కట్టడాలను దెబ్బతీసింది. రాస్ నిర్జనం కావడానికి అదొక్కటే కారణమని సాధారణంగా చెబుతారు గాని, అది సగం మాటే. 1942 మార్చి 23న జపాను సేనలు దిగడంతో ఆంగ్లేయుల పాలనే తొలగిపోయింది. యుద్ధానంతరం వారు తిరిగి వచ్చినా రాస్‌ను పునరుద్ధరింపలేదు. జపానువారి బంకర్లు తీరాన ఇంకా నిలచి ఉన్నాయి.

1943 డిసెంబరులో నేతాజీకి విడిది ఏర్పరచినది పూర్వపు ఛీఫ్ కమిషనర్ భవనంలోనే. డిసెంబరు 30న ఆయన పోర్ట్ బ్లెయిర్‌లో జాతీయ పతాకాన్ని ఎగురవేశాడు. సరిగ్గా అప్పుడే, కనుచూపు మేరలోని సెల్యులార్ జైలులో, స్థానిక ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ నాయకుడు డాక్టర్ దివాన్ సింగ్ జపానువారి చిత్రహింసలకు గురవుతున్నాడు. 1944 జనవరి 14న ఆయన మరణించాడు. ఈ రెండు సంఘటనలను కలిపి చెప్పకపోతే ఆ దీవి చరిత్ర అసమగ్రమే అవుతుంది.

1979లో రాస్ నౌకాదళం అధీనంలోకి వచ్చింది. శిథిలాల మధ్య మార్గాలు ఏర్పరచి, ‘స్మృతిక’ అనే చిన్న ప్రదర్శనశాలను నెలకొల్పారు. ఆంగ్లేయులు తెచ్చి వదలిన చుక్కల జింకల సంతతి అక్కడ స్వేచ్ఛగా తిరుగుతుంది. మర్రిజాతి వృక్షాల వేళ్లు గోడలను అల్లుకొని, కూల్చుతున్నవో నిలబెడుతున్నవో చెప్పలేని విధంగా పెనవేసుకున్నాయి. శ్మశానవాటికలో ఆంగ్ల ఉద్యోగుల, వారి పసిబిడ్డల సమాధులున్నాయి. గోడలు కట్టిన ఖైదీలకు ఆ వాటికలో చోటు లేదు.