మల్కాపుర శాసనమున విద్యార్థుల పాలు

నిర్ధనులగు విద్యార్థులకు ద్రవ్యసాహాయ్యము చేయుట పాశ్చాత్య విశ్వవిద్యాలయములనుండి మనము నేర్చిన యాచారమని కొందఱు తలంచుచుందురు. గుంటూరు మండలములోని మల్కాపుర శిలాశాసన మీ తలంపును సవరించుచున్నది.

ఇది శా. శ. 1183, అనఁగా క్రీ. శ. 1261 నాఁటిది. కాకతీయ గణపతిదేవుఁడు తన గురువగు విశ్వేశ్వరశంభునకు మందర గ్రామము (నేఁటి మందడము) నిచ్చెదనని మాట యిచ్చెను. ఆయన కూఁతురు రుద్రమదేవి యా మాట చెల్లించి, వెలగపూడిని గూడఁ జేర్చి ధారవోసెను.

విశ్వేశ్వరశంభువు ఆ యాదాయమును మూఁడు పాళ్లు చేసెను. ఒకటి శివునకు, ఒకటి విద్యార్థులకును శుద్ధశైవమఠమునకును, మూఁడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు. ఋగ్యజుస్సామవేదములకు మువ్వురును, వ్యాకరణ తర్క సాహిత్యాగమాదులకు ఐదుగురును అధ్యాపకులు నియమింపఁబడిరి.

ఇందు రెండంశములు గమనింపఁదగినవి. విద్యార్థి భుక్తి దాత యిచ్చవచ్చినపు డిచ్చెడి భిక్ష కాదు. భూమి యాదాయమునఁ బేర్కొనఁబడిన పాలు. కావున దాత గతించినను అది నిలువఁగలదు. రెండవది, బ్రాహ్మణుఁడు మొదలు చండాలునివఱకు నెల్లరకు నన్నము పెట్టవలెనని శాసనము విధించినది. వేదపాఠము మాత్రము ఆ కాలపు టాచారముచేఁ గొందఱికే దక్కినది. మేలును కొఱఁతయు రెండును జెప్పుట చరిత్రకారుని ధర్మము.

వెలగపూడిలో నేఁడు రాష్ట్ర సచివాలయమున్నది. విశ్వవిద్యాలయముల కిచ్చు ధనములోఁ బేద విద్యార్థుల పాలును దాతలు విడిగా వ్రాయించుట యుచితము. వ్రాయని పాలు ఇతర వ్యయములలోఁ గలసిపోవును. నాఁడన్నము వలెనే నేఁడు విద్యయు నెల్లరకు నందవలెను.