కోతికి కొబ్బరిచిప్ప, జీరంగికి అగ్గిపెట్టె

పూర్వం కందిమల్లాయపల్లెగా పిలువబడిన మా బ్రహ్మంగారిమఠంలో, స్వామివారి జీవసమాధిని దర్శించి వచ్చేవారి చేతిలోని కొబ్బరిచిప్పను కోతి లాక్కొనిపోవడం నిత్యకృత్యం. పోగొట్టుకొన్నవారు సైతం "ఆంజనేయస్వామి" అని నవ్వి ఊరకుంటారు. ఆ ఊరి తుమ్మచెట్లపైనే వానకాలంలో జీరంగులు వ్రాలేవి. బంగారు పురుగులని కొందరనేవారు. మేము వాటిని పట్టి, అగ్గిపెట్టెలో రెండు తుమ్మాకులు వేసి మూసేవాళ్ళం. తెల్లవారేసరికి చచ్చి ఉంటే మమ్మల్ని మందలించిన పెద్దలు లేరు.

జంతుశాస్త్రం నా విద్య కాదు. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాణ్ణి. అయినా ఈ రెంటి చరిత్రనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడాలనిపించింది. ఎందుకంటే రెండూ ఓడలెక్కినవే.

మన కోతి తోక పొడవైనది. నడినెత్తిన వెంట్రుకలు టోపీ వలె నలువైపులా పరచుకొని ఉంటాయి. ఫ్రెంచి పండితుడు జెఫ్రాయ్ 1812లో దానికి 'రేడియేటా' అని పేరిడినది అందుకే. విదేశాలకు అధికంగా పోయినది మాత్రం దీని దాయాది, ఉత్తరదేశపు పొట్టితోక కోతి. పోలియో టీకా తయారీకి కోతి మూత్రపిండాల కణాలు కావలసివచ్చాయి. 1950ల చివర ఏటా లక్షకు పైగా తరలించారు. ఆ టీకా వలన ఎందరో పసివాళ్ళు కాళ్ళపై నిలిచారు, కాదనను. కాని 1955లో లండన్ విమానాశ్రయంలో వందలకొద్దీ కోతులు ఊపిరాడక చనిపోగా ఇక్కడ గగ్గోలు పుట్టింది. ప్రభుత్వం కొంతకాలం ఎగుమతి ఆపింది. 1978లో పూర్తిగా నిషేధించింది.

జీరంగి కోసం అలాంటి గగ్గోలు విన్నవారెవరు? పందొమ్మిదవ శతాబ్దంలో మద్రాసు మస్లిను బట్టలపై దాని పచ్చని పైరెక్కలను రత్నాల వలె కుట్టి సీమకు పంపేవారు. 1888లో లండన్‌లో ఎలెన్ టెర్రీ లేడీ మాక్‌బెత్‌గా ధరించిన గౌనుకు ఇలాంటి రెక్కలు వేయి దాకా కుట్టారట. రెక్కల్లో ఉన్నది అద్దకం కాదు. పొరలపై వెలుగు విరిగి పుట్టే వన్నె, అందుచేత వెలిసిపోదు. ఆ గౌను నేటికీ మిలమిలలాడుతోంది. కోతి ఇరవై ఏండ్లకు పైబడి బ్రతుకుతుంది; జీరంగి మన్నులో వేళ్ళు కొరుకుతూ పెరిగి, రెక్కలు వచ్చాక కొన్ని వారాలే ఉంటుంది.

నిరుడు ఊరి బయట ఒక తుమ్మ క్రింద రెండు రెక్కచిప్పలు దొరికాయి. నా పాత శబ్దమంజరిలో పెట్టాను. మొన్న తీసి చూస్తే వన్నె ఇసుమంత తగ్గలేదు.