తొమ్మిది గజాలు దేనివి?

అమెరికన్లు ‘ద హోల్ నైన్ యార్డ్స్’ అంటే ‘మొత్తం, ఏదీ వదలకుండా’ అని అర్థం. పెళ్లిలో మేళం, పూలు, విందు ఏ లోటూ లేకుండా జరిగితే అలా అంటారు. అక్కడ గజాలతో పనేమీ లేదు. గోచీ పోసి కట్టే తొమ్మిది గజాల చీర ఎరిగిన మనకు మాత్రం వినగానే చీరే మెదులుతుంది. చీరల మీద రాసే ఇంగ్లీషు వ్యాసాలకు ఈ మాటను శీర్షికగా పెట్టడమూ మామూలే. కానీ అంకె కలిసినంత మాత్రాన పుట్టుక కలిసినట్టు కాదు.

బాగా ప్రచారంలో ఉన్న కథ రెండో ప్రపంచయుద్ధానిది. యుద్ధవిమానంలో మెషిన్‌గన్ తూటాల పట్టీ పొడవు 27 అడుగులనీ, అంటే తొమ్మిది గజాలనీ, పట్టీ అంతా శత్రువు మీద ఖాళీ చేయడం నుంచే ఈ మాట వచ్చిందనీ చెబుతారు. లెక్క చక్కగా కుదిరింది. తేదీ కుదరలేదు.

బానీ టేలర్-బ్లేక్, ఫ్రెడ్ షపీరో వంటి అన్వేషకులు పాత పత్రికలను గాలించగా, 1907 నాటికే ఈ మాట ఇండియానా రాష్ట్రంలోని మిచెల్ అనే చిన్న ఊరి పత్రికలో ‘ఫుల్ నైన్ యార్డ్స్’ రూపంలో బయటపడింది. అది ఊరి బేస్‌బాల్ పోటీ ప్రకటన. వ్యాపారుల జట్టు ఓపిక ఉన్నన్ని ఇన్నింగ్సులు ఆడుతుంది, చివరిదాకా ఆడుతుందని మాత్రం మాట ఇవ్వలేమని దాని సారాంశం. మరుసటి ఏడాది అదే పత్రికలో చేపలవేటకు వెళ్లొచ్చిన ఒకతని ప్రస్తావన ఉంది. అతని దగ్గర పెద్ద కథే ఉంది, ఎవరైనా దొరికితే మొత్తం వినిపించేస్తాడని రాశారు. రెండు చోట్లా కొలిచే వస్తువు లేదు. మాటను విడమరచి చెప్పనూ లేదు. పాఠకులకు అది అప్పటికే తెలిసి ఉండాలని నా ఊహ.

ఇక్కడ కొంచెం ఆగాలి. అచ్చులో దొరికిన తొలి తేదీ మాట పుట్టినరోజు కాదు; అప్పటికి అది పుట్టి ఉందని మాత్రమే చెబుతుంది. 1907 తేదీ యుద్ధకథను తోసిపుచ్చగలదు గానీ దాని స్థానంలో మరో కథను నిలబెట్టలేదు. పైగా 1912లో కెంటకీ పత్రికలోనూ, 1921లో దక్షిణ కరోలినా పత్రికలోనూ ఇదే అర్థంతో ‘ఆరు గజాలు’ కనిపిస్తాయి. అంకే స్థిరంగా లేనప్పుడు సరిగ్గా తొమ్మిది గజాలుండే వస్తువు కోసం వెతకడం దారి తప్పడమేనేమో.

మన ‘పదహారణాల తెలుగు’తో పోల్చితే తేడా తెలుస్తుంది. రూపాయికి పదహారు అణాలు. 1957లో నయాపైసలు వచ్చాక అణాల లెక్క పోయినా మాట నిలిచింది. అక్కడ అంకెకు ఆధారం నాణెంలోనే ఉంది. ఇంగ్లీషు మాటకు అలాంటి నాణెం ఇంతవరకు దొరకలేదు.

అందుకే అనువాదంలో గజాలను వదిలేయడమే నాకు న్యాయమనిపిస్తుంది. చేపలవేటగాడి విషయంలోనైతే ‘పూసగుచ్చినట్టు చెబుతాడు’ అంటే సరిపోతుంది.