మన్రో దొరయు, మన కట్టుబడి బంట్రోతులును



ధర్మవరమున నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో నొకపర్యాయము విద్యార్థులను వెంటబెట్టుకొని పెనుకొండ కోటను చూపింప బోయితిని. గగనమహలు నీడను కూర్చుండి ఫలాహారము చేయుచుండగా నొక పిల్లవాడు, "అయ్యవారూ! మా యింటివారిని ఊరిలో కట్టుబడివాళ్లంటారు. ఆ మాటకు అర్థమేమి?" అని యడిగెను. "చెప్పిన మాటకు కట్టుబడి యుండువారు, నాయనా" అని నేను తడుముకొనక చెప్పితిని. అది నిఘంటువు నెరిగిన గర్వమే గాని మన నేల చరిత్ర నెరిగిన జ్ఞానము కాదు. ఆ పిల్లవానికి నేను బాకీపడిన యుత్తరమును నేడు చెప్పబూనితిని. అందులకు థామస్ మన్రో దొర చరిత్రమునే యెత్తుకొనవలసి యున్నది.

కట్టుబడి యనగా ఈనాము భూమిపై నిర్ణయించిన స్వల్పమైన పన్ను. ఆ పన్ను మాత్రమే చెల్లించి భూమి ననుభవించుచు, పాళెగాడు పిలిచినపుడు కత్తియో, బల్లెమో, తుపాకియో చేతబట్టి పోవలసినవాడు కట్టుబడి బంట్రోతు. సేద్యమును, కావలియు నొక్కని చేతనే జరుగుచుండెను. 1565లో రాక్షసి తంగడి యుద్ధమున విజయనగరము కూలగా రాజులు పెనుకొండకు వచ్చిరి. కొంతకాలమునకు చంద్రగిరికి తరలిరి. రాజబలము తగ్గిన కొలది పాళెగాండ్ర బలము హెచ్చెను. పిదప బిజాపురమువారు, మరాఠాలు, హైదరు, టిప్పు వరుసగా వచ్చిరి. గుత్తి మురారిరావు తన తండ్రి పేర హిందూపురమును కట్టించెనని పెద్దలు చెప్పుదురు. ఆ మురారిరావును హైదరు 1776లో చెరపట్టెను. ఇట్లు ఏలికలు మారుచుండిరి గాని బంట్రోతు మాత్రము తన యూరనే యుండెను.

ఇక మన్రో సంగతి. ఈతడు 1761లో స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అమెరికాలోని వర్జీనియా పొగాకు వ్యాపారి. 1775లో అమెరికా రైతులు తమ యిండ్లలోని తుపాకులు తీసికొని, ఊరూరి దండులుగా గూడి, ఇంగ్లీషు రాజుపై తిరుగబడిరి. ఆ యుద్ధమున తండ్రి వ్యాపారము నాశనమయ్యెను. కుమారుడు పొట్టకూటికై కుంపిణీ సైన్యమున జేరి 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను. సముద్రమున కావలి రైతుల తిరుగుబాటు ఒక పడుచువానిని మన సీమకు త్రోసినదన్న మాట!

1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి వదలుకొనెను. అందుచేత దీనికి దత్తమండలమని పేరు వచ్చెను. రాయలసీమ యను పేరు 1928లో ఏర్పడినది. మన్రో మొదటి ప్రధాన కలెక్టరై వచ్చునప్పటి కిచ్చట సుమారు 80 మంది పాళెగాండ్రు, వారి చేతిక్రింద 30,000 మంది సాయుధులు నుండిరి. రాజ్యమున రెండు కత్తులుండరాదని ఆతని నిశ్చయము. పాళెగాండ్రపై పేష్కషు పెంచెను. చెల్లింపని వారిపైకిని, ఎదిరించిన వారిపైకిని జనరల్ క్యాంబెల్ సేన నడచెను. కోటలు పడిపోయెను. కొందరికి పింఛనులు దక్కెను, కొందరు దేశము విడిచిరి. బంట్రోతులలో పెక్కండ్రు ఆయుధము విడిచి నాగలి మాత్రమే నమ్ముకొనవలసినవారైరి.

అట్లని మన్రోను క్రూరుడని త్రోసివేయుట న్యాయము గాదు. గుడారములలో నివసించుచు ఊరూర తిరిగి, 33 అడుగుల గొలుసుతో పొలములు కొలిపించి, రైతు పేరనే పన్ను నిర్ణయించెను. ఆ పన్ను భారమైనదని తానే గుర్తించి, 1807లో నూటికి 25 వంతులు తగ్గింపవలెనని ప్రభుత్వమునకు వ్రాసెను. ప్రభుత్వమది వినక గ్రామములను గుత్తకిచ్చెను. 1820లో తానే గవర్నరైన పిదప గాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు. నడుమ పండ్రెండేండ్లకు పైగా రైతు పడిన పాటు మన తాతముత్తాతలకే తెలియును.

ఇప్పుడు ముఖ్యమైన మాట చెప్పుచున్నాను. 1817లో పేష్వాతో యుద్ధము వచ్చినపుడు మన్రో ధారవాడ ప్రాంతమున నుండెను. చేతిలో నున్న సిపాయీలు కొద్దిమంది. ఆతడేమి చేసెను? ఆ దేశపు బంట్రోతులనే కూర్చుకొని, అమీల్దారుల నిచ్చి పంపి, తాలూకా వెంబడి తాలూకాను పట్టించెను. బాదామి, బెళగాము, షోలాపురము 1818లో లొంగిపోయెను. వెళ్లినప్పటికంటె ఎక్కువ బలముతో నాతడు తిరిగివచ్చెనని కానింగ్ మంత్రి 1819లో పార్లమెంటులో కొనియాడెను. మన సీమలో కూడదన్న కత్తియే అచ్చట నాతనికి కీర్తి తెచ్చినది! బంట్రోతు చెడ్డవాడు కాడు. ఎవని పక్షమున నిలిచెనన్నదే దొరల లెక్క.

ఆతని కాలము గడచిన పిదప కట్టుబడి ఈనాములను ప్రభుత్వము లాగికొనసాగెను. భూమి పోయిన బంట్రోతులు 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడచి కోయిలకుంట్ల ఖజానాపై బడిరి. 1847 ఫిబ్రవరి 22న రెడ్డి నురిదీసిరి. అది ఒక్క రెడ్డి పౌరుషమే కాదు. కూడు పోయిన వేలమంది ఆక్రోశము కూడ.

మన్రో 1827 జూలై 6న పత్తికొండలో వాంతిభేదివలన మరణించెను. గుత్తిలో నాతని బూడ్చి, 1831లో అస్థులను చెన్నపట్టణమునకు గొనిపోయిరి. మనవారు ఆతనిని మరువలేదు; కొందరు బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. చెన్నపట్టణమున ఆతని యశ్వారూఢ విగ్రహము నేటికిని గలదు.

అమెరికాలో కాంకర్డు గ్రామమున 1875లో నొక విగ్రహము నిలిపిరి. అది దొరది కాదు. నాగలి ప్రక్కన నిలిచి తుపాకి పట్టిన రైతుది. మన కట్టుబడివానికి అట్టి విగ్రహము నే నెచ్చటను చూడలేదు. మన యూళ్ళలో నాతని గుర్తుగా మిగిలినది తరచుగా ఇంటిపేరో, పొలము పేరో మాత్రమే.

కావున పెద్దలారా, మీ యింట పాత దస్తావేజులలో కట్టుబడి యను మాట కనబడినచో చెదలపాలు గానీయకుడు. మనుమలను ప్రక్కన గూర్చుండబెట్టుకొని చదివి వినిపింపుడు. వారడిగిన ప్రశ్నకు నావలె తొందరపడి బదులు చెప్పకుడు. ఆ పిల్లవాడిప్పుడు గృహస్థుడై యుండును. ఈ మాటలు వాని చెవి సోకినచో, నాయనా, మీ తాతలు సేవకులు మాత్రమే కారు. ఊరికి కావలి యుండి ఊరికి కూడు పండించినవారని నా యుత్తరము.

స్వస్తి.