కత్తెర, జిగురు, స్త్రీరూపము

పటమనగా వస్త్రముపై కుంచెతో నలదిన తైలవర్ణమేయని యూరపు చిత్రకారులు శతాబ్దములపాటు విశ్వసించిరి. 1912వ సంవత్సరమున ఆ విశ్వాసము సడలెను. ఆ యేట పికాసో పేము అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాతును తన పటమున నతికించెను. ఫ్రాన్సు దక్షిణభాగమునందలి సోర్గ్‌లో బ్రాక్, కొయ్యచారల అచ్చుగల గోడకాగితమును కత్తిరించి బొగ్గుగీతల నడుమ జిగురుతో నంటించెను. స్త్రీరూపము నాశ్రయించిన నైరూప్యచిత్రకళకు దీనివలన గలిగిన లాభము గొప్పది. ఏలయన రంగు చిత్రకారుని చూపును మాత్రమే తెలుపగా, అతికిన కాగితము ఆ కాలపు లోకము స్త్రీని చూచిన చూపును సైతము పటములోనికి గొనివచ్చినది.

ఈ సంగతిని తొలుత గ్రహించినవారిలో బెర్లిన్ నగరపు హన్నా హోహ్ అగ్రగణ్యురాలు. 1916 మొదలు పదేండ్లు ఆమె ఉల్‌స్టైన్ ప్రచురణాలయమున కుట్టుపనులకును అల్లికలకును నమూనాలు గీయుచు జీవించెను. స్త్రీలకు అలంకారమును బోధించు పత్రికల పుటలనే ఆమె కత్తెర కప్పగించినది. 1920 నాటి ‘అందమైన యువతి’ యను కృతిలో స్నానదుస్తులు ధరించిన యువతికి శిరస్సునకు మారుగా విద్యుద్దీపపు బుడ్డి అమరియుండును; చుట్టును యంత్రభాగములును, బి.ఎం.డబ్ల్యు. ముద్రలును క్రమ్ముకొనియుండును.

1926లో ఓడయందు దాగి అమెరికా చేరిన రాటర్‌డామ్‌వాడు విల్లెమ్ డి కూనింగ్, 1950లో చిన్న అట్టపై స్త్రీని చిత్రించుచు, సిగరెట్టు ప్రకటననుండి కత్తిరించిన నోటిని ఆమె ముఖమున నతికించెను. ఆ యేడే ఆరంభించిన ‘స్త్రీ–1’ను ఇంచుమించు రెండేండ్లు గీసి, గీకి, మరల గీసెను, కాగితములపై గీసిన అవయవములను కత్తిరించి పటముపై నుంచి, వాని స్థానములు మార్చిమార్చి చూచెను. విసిగి మూలబెట్టిన ఆ పటమును, కళాచరిత్రకారుడు మేయర్ షపీరో ప్రోత్సహింపగా తిరిగి చేపట్టి 1952లో ముగించెను. మరుసటి సంవత్సరము న్యూయార్కు ఆధునిక కళాసంగ్రహాలయము దానిని కొనెను. దేహము ఛిన్నాభిన్నమైనను అందు పండ్లు కనబరచు నవ్వు మాత్రము చెదరలేదు; అది అంగడి నేర్పిన నవ్వు.

అదే 1952లో నీస్ నగరమున, 1941 నాటి శస్త్రచికిత్సానంతరము బలము క్షీణించిన మతీస్, సహాయకులు నీలిరంగు పూసిన కాగితములను కత్తిరించి నాలుగు ‘నీలి నగ్నిక’లను సృష్టించెను. నాలుగవదిగా లెక్కింపబడునదే మొదట ఆరంభమైనది. దాని కూర్పునకు రెండువారములు పట్టెను. అవయవముల నడుమ విడిచిన తెల్లని ఎడములే కీళ్లై దేహమును నిలువబెట్టినవి. ఇచట అచ్చుకాగితము లేదు, ప్రకటన లేదు. కత్తెర యంచే రేఖయైనది.

పోలిక తొలగినకొలది స్త్రీరూపము ఈ కళనుండి తొలగిపోలేదు. ఆమెను చూచుచున్నది ఎవరు, ఏ కన్నుతో అను ప్రశ్న మాత్రము బలపడినది. ఆ ప్రశ్నను డి కూనింగ్‌కు ముప్పదియేండ్లకు ముందే హోహ్ అడిగినది. కావున ఈ చరిత్రను పురుషుల నామములతో మాత్రమే నింపుట న్యాయము గాదు. కుట్టుపని నమూనాలు గీసిన ఆ చేతికిని ఇందు అగ్రస్థాన మీయవలెను.