ఆ చెయ్యే కావాలి

పునరుజ్జీవన కాలపు ఇటలీలో శిల్పి హోదా పెరిగిందనడానికి అందరూ చూపించే సాక్ష్యం మైకెలాంజెలో చెక్కిన డేవిడ్. గొప్ప విగ్రహం శిల్పి ప్రతిభకు సాక్ష్యమే. ఊళ్లో అతనికి దక్కిన మర్యాదకు మాత్రం కాదు. పేరైనా మిగలని మధ్యయుగపు శిల్పులు కూడా అద్భుతాలు చెక్కారు. మర్యాద సంగతి తేలాలంటే డబ్బు పెట్టినవాళ్లు కాగితం మీద ఏం రాయించుకున్నారో చూడాలి. ఆ ఒప్పందాలను వరసగా చదివితే శిల్పి యజమాని చేతికింద నుంచి బయటపడ్డాడని అనిపించదు. మారింది యజమాని కొంటున్న సరుకు.

1401లో ఫ్లోరెన్స్‌లోని కాలిమాలా అనే బట్టల వర్తకుల సంఘం, బాప్టిస్టరీకి కంచు తలుపులు చేయించడానికి పోటీ పెట్టింది. గిబెర్తి, బ్రూనెల్లెస్కి పోటీకి చేసిన ఫలకాలు నేటికీ బార్జెల్లో మ్యూజియంలో ఉన్నాయి. బ్రూనెల్లెస్కి బొమ్మలను విడివిడిగా పోతపోసి పలకకు బిగించాడు. గిబెర్తి ఇంచుమించు మొత్తాన్ని ఒకే పోతలో తీశాడు. అతని ఫలకం దాదాపు ఏడు కిలోలు తేలిక. గెలిచింది అతనే. అందాన్నే చూశారనుకున్నా, ఖరీదైన కంచు ఎంత మిగులుతుందో వర్తకులు లెక్క కట్టలేదంటే నమ్మబుద్ధి కాదు. తర్వాత 1407 నాటి ఒప్పందం ఇంకా నిక్కచ్చిగా ఉంది. ఏడాదికి 200 ఫ్లోరిన్ల జీతం. పని ఉన్న ప్రతి రోజూ గిబెర్తి స్వయంగా పని చేయాలి, ముఖ్యంగా జుట్టు, నగ్న శరీరభాగాలు అతనే దిద్దాలి. పని మానేసిన వేళలను పుస్తకంలో రాసిపెడతారు. మన పనుల దగ్గర ఉండే మస్టరు లాంటిదే అది. 1419లో బ్యాంకర్ల సంఘం సెయింట్ మాథ్యూ విగ్రహం చేయించుకున్నప్పుడు కూడా ఇదే ధోరణి. విగ్రహం వర్తకుల సంఘంవారి సెయింట్ జాన్‌కన్నా చిన్నది కాకూడదు, రెండు ముక్కలకు మించి ఉండకూడదు, బరువు 2,500 పౌండ్లు దాటకూడదు. పక్క సంఘంతో పంతం, తూకం, కొలత. శిల్పి మనసులో ఏముందో అడిగినవాళ్లు లేరు.

1498కి భాష మారింది. పియెటా కోసం ఒక ఫ్రెంచి కార్డినల్ 450 డకాట్లకు మైకెలాంజెలోతో ఒప్పందం చేసుకున్నాడు. రోమ్‌లో ఉన్న పాలరాతి పనులన్నిటిలోకీ ఇదే అందమైనది అవుతుందని, అప్పటి ఏ శిల్పీ దీన్ని మించి చేయలేడని యాకొపో గల్లి అనే బ్యాంకరు హామీ ఇచ్చాడు. ఎవరి పూచీకత్తులోనూ అందానికి తూకం ఉండదు. బ్యాంకరు అయి ఉండీ అతను దానికి పూచీ పడ్డాడు! ఇక పోప్ రెండో జూలియస్ సమాధి కథ 1505లో మొదలై నలభై ఏళ్లు సాగింది. పథకం కుదించుకుపోయిన కొద్దీ ఒప్పందం తిరగరాశారు. 1532లో పోప్ వారసులు పట్టుబట్టింది మైకెలాంజెలో స్వహస్తంతో చెక్కిన ఆరు విగ్రహాల కోసం. 1542కి అవి మూడయ్యాయి, మిగతావి రాఫాయెలో ద మాంటెలూపో పూర్తి చేయవచ్చన్నారు. గిబెర్తి విషయంలో ‘స్వహస్తం’ అంటే ఎగ్గొట్టకుండా పనికి రావడం. ఇక్కడ అదే మాటకు అర్థం, ఇంకెవరు చెక్కినా వద్దని.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. జొవాన్ని పిసానో 1311 నాటికే పీసా కతీడ్రల్ వేదిక మీద తనను తాను పొగుడుకుంటూ శాసనం చెక్కించుకున్నాడు కదా, మరి కళాకారుడి గర్వం రెండు శతాబ్దాల తర్వాత పుట్టిందంటే ఎలా? నిజమే, గర్వం ఎప్పుడూ ఉంది. కానీ రాతి మీద పేరు శిల్పి చెప్పుకున్న మాట. ఒప్పందంలో పేరు డబ్బిచ్చేవాడు ఒప్పుకున్న మాట. ఆ రెండోదే కొత్తది. పెత్తనం పోషకుడిదే కదా అన్నది మరో అభ్యంతరం. అదీ కాదనలేం. సాన్ లొరెంజో చర్చి ముఖభాగం కోసం మైకెలాంజెలో ఏళ్ల తరబడి గనుల చుట్టూ తిరిగి రాళ్లు తీయించాక, 1520లో ఆ పని చేయిస్తున్న మెడిచీ కుటుంబం ఒప్పందం రద్దు చేసింది. అంత పేరున్నవాడు కూడా ఏమీ చేయలేకపోయాడు. అయితే జూలియస్ వారసులు ఏళ్ల తరబడి అతని వెంటపడి, మూడు విగ్రహాలతోనైనా సరిపెట్టుకున్నారంటే, పనివాణ్ని మార్చుకునే వీలు వాళ్లకు లేకపోబట్టే. 1548లో మైకెలాంజెలో తన తమ్ముడి కొడుక్కి రాసిన ఉత్తరం కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగ్గదే. తనను ‘శిల్పి’ అని సంబోధించవద్దని, తానెన్నడూ దుకాణం పెట్టుకున్నవాణ్ని కానని చిరాకు పడ్డాడు. పిలుపు మీద అంత పట్టింపు ఉన్న మనిషికి ఉలి పట్టడం సిగ్గు కాదు. అంగడివాడని అనిపించుకోవడమే సిగ్గు.

1563లో పాలకుడు కోసిమో మెడిచీ అండతో, చిత్రకారుడు వసారి పూనికతో ఫ్లోరెన్స్‌లో కళాకారుల అకాడమీ వెలిసింది. 1571లో దాని సభ్యులకు పాత సంఘాల కట్టుబాట్ల నుంచి మినహాయింపు దొరికింది. ఆ కట్టుబాట్లు సభ్యులు కాని రాతిపనివాళ్లను వదల్లేదు. 1583లో శిల్పి జాంబొలోన్యా ఒకే పాలరాతి నుంచి తీసిన మూడు ఆకారాల శిల్పం లోజ్జియా దెయ్ లాంజీలో నిలిచింది. అతను దాన్ని ఏ కథనూ మనసులో పెట్టుకోకుండా, పనితనం చూపడానికే చేశాడు. ‘సబైన్ స్త్రీల అపహరణ’ అన్న పేరు పని అయ్యాక తగిలించినది, సూచించినవాడు రచయిత బొర్గీని. విషయం చెప్పి విగ్రహం చేయించుకునే రోజులు పోయి విగ్రహం చూసి విషయం వెతుక్కునే రోజులు వచ్చాయి. ఇక్కడ నా వాదనకే ఒక చిక్కుంది. జాంబొలోన్యా నమూనాలు చేస్తే, వాటిలో చాలావాటిని రాతిలోకి దించింది ఫ్రాంకవిల్లా లాంటి సహాయకులు, చిన్న కంచు బొమ్మలను పోతపోసింది సుజిని. అయినా యూరప్ రాజులు వాటిని జాంబొలోన్యా పనిగానే సంతోషంగా పుచ్చుకున్నారు. ఒకనాడు చెయ్యే కావాలని పట్టుబట్టిన బేరగాళ్లు అర్ధశతాబ్దం తిరిగేసరికి ఆలోచన అతనిదైతే చాలన్నారు.