పహాణీకీ ఈసీకీ జాయిన్ కుదిరేనా?

మొన్నామధ్య ఆఫీసులో ఓ పని నెత్తిన పడింది. కస్టమర్ల వివరాలేమో ఒరాకిల్‌లో, బిల్లులేమో ఎస్క్యూఎల్ సర్వర్‌లో. రెండూ కలిపి ఒకే క్వెరీలో రిపోర్టు కావాలన్నాడు మేనేజరు. లింకు కలపడానికి గంట కూడా పట్టలేదు. ఇక్కడున్న కస్టమరూ అక్కడున్న కస్టమరూ ఒకడేనా కాదా అని తేల్చడానికి మాత్రం మూడు వారాలు పట్టింది!

సరిగ్గా ఆ వారమే ఊరినుంచి నాయిన ఫోన్ చేశాడు. "బిడ్డా, పాత పహాణీల తాత పేరుంది. ఈసీ తీపిస్తే మనదసలు కనబడ్తలేదు. ఏది నిజం?" అని. ముందు నవ్వొచ్చింది, నాదీ ఆయనదీ ఒకటే సమస్య కదా అని. తర్వాత ఆలోచిస్తే అంత నవ్వే విషయం కాదనిపించింది. నాది తప్పితే ఒక రిపోర్టు తప్పుతుంది. ఆయనది తప్పితే రెండున్నర ఎకరాలు పోతాయి.

ఈ "వేర్వేరు డేటాబేసులు, ఒకే క్వెరీ" వ్యవహారం మన ఫీల్డులో పాతదే. కాడ్ రిలేషనల్ మోడల్ పేపరు 1970లో వచ్చింది. హైంబిగ్నర్, మెక్‌లియోడ్ 1985లో ఫెడరేటెడ్ డేటాబేస్ గురించి రాశారు. ఎస్క్యూఎల్ సర్వర్ 7.0తో 1998లో లింక్డ్ సర్వర్లు వచ్చాయి. పోస్ట్‌గ్రెస్‌లో ఫారిన్ డేటా రాపర్లు 2011లో. అమిత్ సేథ్, జేమ్స్ లార్సన్ 1990లో రాసిన సర్వే పేపరైతే చిక్కంతా మూడు ముక్కల్లో చెప్పింది. డేటా వేర్వేరు చోట్ల ఉంటుంది. ఒక్కోచోట ఒక్కో రూపంలో ఉంటుంది. ఎవరి డేటాకు వాళ్ళే యజమాని, ఎవడి మాటా వినడు. మొదటి రెండిటికీ సాఫ్ట్‌వేర్ ఉంది. మూడోదానికి లేదు.

ఈ మూడూ ఒకేచోట చూడాలంటే మా నల్గొండ, పాలమూరు భూముల కథ చాలు.

నిజాం కాలంలో ఇక్కడ భూమికి ఒక రికార్డంటూ లేదు. దివానీ ఊళ్ళు సర్కారువి, సర్ఫ్-ఎ-ఖాస్ ఊళ్ళు నిజాం సొంతానివి. జాగీర్లు వేరే. పాలమూరు వైపు గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు ఇంకో లెక్క. ఎవరి ఊళ్ళో పన్ను వాళ్ళది, ఎవరి దఫ్తరు వాళ్ళది. సర్కారు భాష 1884 దాకా ఫార్సీ, తర్వాత ఉర్దూ. సంవత్సరమేమో ఫసలీ, దానికి 590 కలిపితే మన లెక్కకొస్తుంది.

కొలతల సంగతి ఇంకా బాగుంటుంది. నల్గొండలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. అదే 2.20 గుంటూరులో అయితే రెండెకరాల ఇరవై సెంట్లు. చుక్క అదే, అంకెలు అవే, భూమి వేరు! కాలమ్‌ను డెసిమల్ అనుకుని కూడిక కొట్టినవాడి పని అంతే.

జాగీర్ల రద్దు 1949లో జరిగింది. సాయుధ పోరాటం 1951 దాకా నడిచింది. నల్గొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబాకు వందెకరాలు ఇచ్చింది కూడా 1951లోనే, ఏప్రిల్ 18న. హైదరాబాద్ కౌలుదారీ చట్టం 1950లో వచ్చి రక్షిత కౌలుదార్లకు హక్కులిచ్చింది. అంటే అయిదారేళ్ళలో భూమి మీద మాట చెప్పే హక్కు అటూ ఇటూ మారిపోయింది. ఇదంతా సర్ది రాసినదే 1954-55 ఖాస్రా పహాణీ. ఫసలీ లెక్కలో 1364. నా దృష్టిలో ఇది మా దగ్గర జరిగిన మొదటి పెద్ద డేటా మైగ్రేషన్. కోర్టుల్లో లాయర్లు ఇప్పటికీ దాన్ని తీస్తారంటే ఊరికే కాదు.

అంతా ఒక్కటైందనుకుంటే పొరపాటు. అమ్మకాల దస్తావేజులు రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర, పహాణీ రెవెన్యూ శాఖ దగ్గర. కొన్నవాడు సబ్ రిజిస్ట్రారు దగ్గర పని ముగించుకుని, మళ్ళీ తాసిల్దారు దగ్గర మ్యుటేషన్‌కు అర్జీ పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే పహాణీలో పాత పేరే. 1998 నవంబరులో కార్డ్ ప్రాజెక్టుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. తర్వాత పహాణీలూ కంప్యూటర్ ఎక్కాయి. రెండు రిజిస్టర్లు పోయి రెండు డేటాబేసులు వచ్చాయి, అంతే తేడా.

పైగా తెల్లకాగితాలు, అదే సాదా బైనామా. స్టాంపు ఖర్చు ఎవడు పెట్టుకుంటాడని ఊళ్ళో నలుగురి ముందు రాసుకునేవాళ్ళు. మా తాత కొన్నదీ అలాగే. రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి ఈసీలో ఆ కొనుగోలుకు రో లేదు. పహాణీలో పట్టాదారు కాలమ్‌లో అమ్మినాయన పేరు, అనుభవదారు కాలమ్‌లో తాత పేరు. నాయిన ప్రశ్నకు జవాబు ఇదే. రెండూ నిజమే! ఒకటి దస్తావేజు సంగతి చెబుతోంది, ఇంకోటి దున్నేవాడి సంగతి చెబుతోంది.

కలపడానికి కీ ఏది మరి? ఊరు, సర్వే నంబరు. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, పాలమూరు నుంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019లో నారాయణపేట వచ్చింది. ఊరు కదల్లేదు గానీ దాని జిల్లా మారింది, కొన్నిటికి మండలమూ మారింది. సర్వే నంబరేమో పాలు పంచుకున్నప్పుడల్లా అ, ఆ, ఇ అంటూ చీలుతూ పోయింది. మనం ఇలాంటి కీ పెట్టి డిజైన్ చేస్తే రివ్యూలో చీరేస్తారు.

2017 సెప్టెంబరులో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. తగాదా లేనివి పార్ట్ ఏ, ఉన్నవి పార్ట్ బీ. 2018 మేలో రైతుబంధు వచ్చింది, ఎకరానికి పంటకు 4 వేలు. ఇంక పాసుబుక్కులో పేరుంటేనే డబ్బు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తాసిల్దారు దగ్గర ఒకేసారి. న్యాయంగా చెప్పాలంటే ఇది మంచి ఆలోచనే. రికార్డు శుభ్రంగా ఉన్నవాడికి నెలల తరబడి తిరిగే బాధ తప్పింది.

మిగతావాళ్ళ సంగతేంటి? పార్ట్ బీ అంటే ఏంటో మనవాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఇన్నర్ జాయిన్ కొడితే మ్యాచ్ కాని రోలు ఎటు పోతాయో అటు పోయినవే అవి. ఎర్రర్ రాదు, రిజల్టు చక్కగా కనిపిస్తుంది. అనుభవదారు కాలమ్ కూడా ధరణిలో లేకుండా పోయింది. రెండు రికార్డులు తగాదా పడుతున్నప్పుడు కనీసం తగాదా ఉందని తెలిసేది. కాలమే తీసేస్తే తగాదా కనబడదు, కానీ తీరినట్టు కాదు. 2020లో సాదా బైనామాల క్రమబద్ధీకరణకు దరఖాస్తులు పిలిస్తే దాదాపు 9 లక్షలు వచ్చాయి. తర్వాత అవి హైకోర్టు స్టేతో ఏళ్ళపాటు ఆగిపోయాయి.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అప్పీలు చేసుకునే దారి పెట్టారు. ముందుగా ప్రయత్నించిన నాలుగు మండలాల్లో మా పాలమూరు వైపు మద్దూరు ఒకటి. బాగుపడితే సంతోషమే.

నా మాట ఒక్కటే. ఇలాంటి చోట ఫుల్ అవుటర్ జాయిన్ కావాలి. అటు ఉండి ఇటు లేనివి, ఇటు ఉండి అటు లేనివి, రెండుచోట్లా ఉండి పేరు కలవనివి అన్నీ బయటికి రావాలి. ఆ లిస్టు పట్టుకుని మనిషి పొలం గట్టుమీదికి వెళ్ళాలి. నల్ వచ్చిన ప్రతి చోటా ఒక మనిషి ఉన్నాడు. అది ఎవరో క్వెరీ చెప్పలేదు, చుట్టుపక్కల పొలాలవాళ్ళు చెబుతారు.

ఇదంతా నాయినకు ఫోన్లో చెప్పాను, జాయిన్ల గొడవ తీసేసి. అంతా విని, "గట్లనా? అయితే ఆ తెల్లకాగితం పారెయ్యద్దన్నట్టు" అన్నాడు. ట్రంకుపెట్టెలో అడుగున ఉంది అది. ఇప్పటికి ఏ డేటాబేసులోనూ లేదు.